జాకెట్టుకున్న కొలత తుపాకికి లేదా?

జాకెట్టు కుట్టించుకోవాలంటే మా కూర్మన్నపాలెం టైలరమ్మ తొమ్మిది చోట్ల టేపు పెడుతుంది. భుజం, చెయ్యి, చంక, మెడ లోతు... అర అంగుళం తేడా వచ్చిందా, మనమూ ఊరుకోం. విప్పి మళ్లీ కుట్టమంటాం. కానీ మూడు కిలోల తుపాకి చూద్దామని దుకాణానికి వెళ్లిన రోజున నన్నెవరూ కొలవలేదు. కౌంటరు వెనకాయన నన్ను ఎగాదిగా ఓసారి చూసి, "లేడీస్‌కా? అయితే తేలిగ్గా ఉండేది చూపిస్తాను" అన్నాడు. అంతే కొలత!

ఈవిడేమిటి, తుపాకేమిటి అని నవ్వకండి. మొదట నేనూ నవ్వాను.

మాది దువ్వాడ. విశాఖ స్టేషనుకి వెళ్లకుండా బైపాసులో పోయే రైళ్లు చాలావరకు ఆగేది ఇక్కడే. స్టేషను దాటి కొండవారకి వస్తే మా మామగారు పెంచిన రెండెకరాల మామిడి, జీడి తోట, అందులో ఇల్లు. ఒక పక్క స్టీలుప్లాంటు, ఒక పక్క సెజ్. చుట్టూ ఎంత పట్నం పెరిగినా మా ఇంటి నుంచి కేకేస్తే పక్కింటివాళ్లకి వినపడదు. మావారు ఓడ మీద ఇంజినీరు. ఏడాదిలో ఎనిమిది నెలలు సముద్రంలోనే. పిల్లలిద్దరూ బెంగుళూరులో. ఇంట్లో మిగిలింది మామయ్య, అత్తయ్య, నేను, ఒక కుక్క. నాకు యాభై రెండేళ్లు. ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. సుగరుంది. దాని వెనకాలే కుడి భుజం పట్టేసింది. సుగరున్నవాళ్లకి ఈ ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువగా వస్తుందట. జడ వేసుకోవాలన్నా, పై అరలో పప్పు డబ్బా తీయాలన్నా ప్రాణం పోయేది.

మామయ్యకి ఒక 12 బోరు డబుల్ బ్యారెల్ తుపాకి ఉంది. 1991లో తోట కాపలాకని లైసెన్సు తీసుకున్నారు. ఇన్నేళ్లలో ఆయన దాన్ని పేల్చింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ ప్రతి ఆదివారం నూనె గుడ్డతో తుడవడం మాత్రం మానలేదు. 2024 ఎన్నికలొచ్చినప్పుడు లైసెన్సున్న అందరిలాగే ఆయనా దాన్ని పోలీసుస్టేషన్లో అప్పజెప్పడానికి బయల్దేరారు. ఆటో ఎక్కబోతూ తుపాకి జారి మోకాలి మీద పడింది. లోడు లేదు కాబట్టి మోకాలు వాయడంతో పోయింది. ఆయనకి డెబ్బై ఆరు. రెండు చేతులూ వణుకుతున్నాయని ఆ రోజుదాకా మాకెవరికీ చెప్పలేదు.

ఎన్నికలయ్యాక ఓ సాయంత్రం అరుగు మీద కూచుని, "ఇది నీ పేర రాయించుకోమ్మా" అన్నారు.

"నా పేరా?"

"ఏటమ్మా అలాగ సూస్తన్నావు? నీ మొగుడు ఓడ మీదుంటాడు. సిన్నోడికి ఇస్తే నాలుగు రోజులు ఫోటోలు దిగి అటకెక్కిస్తాడు. తోట సూసేది నువ్వు. కాలేజీలో నువ్వు పేల్సేవంట కదా."

పేల్చేదాన్ని నిజమే. డిగ్రీలో ఎన్‌సీసీ. పాయింట్ టూటూ రైఫిలు. బోర్లా పడుకుని గురిపెడితే కాగితం మీద అయిదు గుళ్లూ రూపాయి బిళ్లంత చోట పడేవి. అయితే అప్పుడు నాకు పద్ధెనిమిదేళ్లు, భుజం బంగారం. పైగా ఆ రైఫిలు దెబ్బ ఎవరో భుజం తట్టినట్టుంటుంది, అంతే.

వారం రోజులు ఆలోచించాను. తోడికోడలు ఫోన్లో "అక్కా, గాజుల చెయ్యికి తుపాకేంటక్కా" అంది. మావారు సాటిలైట్ ఫోన్లో చాలాసేపు మాట్లాడకుండా ఉండి, చివరికి "నీకు భయం లేకపోతే నాకూ లేదు" అన్నారు. భయం లేకపోవడమేం, ఉంది. ఇంట్లో తుపాకి ఉండటం నగ ఉన్నట్టు కాదు. తాగి చెయ్యెత్తే మగాడున్న ఇంట్లోనూ, బతుకు మీద విరక్తి పుట్టినవాళ్లున్న ఇంట్లోనూ, పసిపిల్లలు తిరిగే ఇంట్లోనూ అది ఉండనే కూడదని నా అభిప్రాయం. మా ఇంట్లో ఈ మూడూ లేవు. అందుకే సరేనన్నాను. ఉన్నవాళ్లు ఈ వ్యాసం చదివి సరదాపడొద్దు.

ముందు చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సుదారు చనిపోతే వారసులు అడగొచ్చు. బతికుండగానే అయితే ఆయనకి డెబ్బై ఏళ్లు నిండినా, తుపాకి ఇరవై అయిదేళ్లు ఆయన దగ్గరున్నా, ఏది ముందైతే అది, వారసుల పేర లైసెన్సు ఇవ్వొచ్చు. కోడలు కూడా అడగొచ్చని తెలిశాక మామయ్య మొహంలో వెలుగు చూడాలి. ఇవ్వాల్సింది మాకైతే పోలీసు కమిషనరు, పల్లె జిల్లాల్లో కలెక్టరు. తుపాకి జాగ్రత్తగా వాడటం నేర్చుకున్నట్టు శిక్షణ సర్టిఫికెట్టు, డాక్టరు సర్టిఫికెట్టు, భద్రంగా దాస్తానని హామీ ఇవన్నీ పెట్టాలి. పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారు. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండుకి మించి తుపాకులు ఉండకూడదు, లైసెన్సు గడువు అయిదేళ్లు.

కాగితాల సంగతి ఎలాగో అవుతుంది. అసలు చిక్కు నా ఒళ్లు.

మామయ్య తుపాకి ఖాళీగా ఉండగా మొదటిసారి భుజానికెత్తాను. ఎత్తానని అనుకున్నాను. మడమ, అంటే భుజానికి ఆనించే వెనక చెక్క, చంకలో ఇరుక్కుంది. దాన్ని భుజం మీదికి తేవాలంటే చెయ్యి బారజాపాలి. జాపితే ట్రిగ్గర్ అందదు, తల వెనక్కి వాలిపోతుంది. ఆరడుగుల మామయ్య కోసం చేసిన తుపాకి అది. ఇక కుడి మోచెయ్యి పైకెత్తేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆడకూతురికి కష్టం లేమ్మా" అంది అత్తయ్య, జాలిగానే. ఆ మాట నేనూ నమ్మేశాను.

అందుకే ఆ దుకాణానికి వెళ్లడం. పాతది వదిలేసి నాకు సరిపడే కొత్తది తీసుకుందామని. ఆయన చూపించింది పంప్ యాక్షన్ గన్. సినిమాల్లో హీరో ఒంటిచేత్తో 'టక్ టక్' మనిపిస్తాడే, అది. మన పోలీసుల దగ్గర ఉండే ఈ రకం 12 బోరు తుపాకి తిరుచిరాపల్లి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారవుతుంది. గొట్టం ఒక్కటే. దాని కింద ఇంకో సన్న గొట్టంలో తూటాలు వరసగా కూచుంటాయి. ముందు చెయ్యి పట్టుకునే పిడిని వెనక్కి లాగితే పేలిన తూటా బయటికి ఎగిరిపోతుంది, ముందుకి తోస్తే కొత్తది లోపలికొస్తుంది. "విరిచి తెరిచే పనిలేదు మేడం, బలం అక్కర్లేదు, మీలాంటివాళ్లకి ఇదే" అన్నాడు. ఖాళీ తుపాకి నా చేతికిచ్చాడు. లాగి తోశాను. సగంలో ఆగిపోయింది.

"ఇంకా గట్టిగా" అన్నాడాయన.

నేను కొనకుండా వచ్చేశాను. ఆ 'ఇంకా గట్టిగా' దారి పొడుగునా చెవుల్లో ఉంది.

శిక్షణకి వెళ్లిన చోట నేర్పించినాయన సైన్యంలో పనిచేసిన సుబేదారుగారు. మొదటి రోజు తుపాకి ఇవ్వలేదు. "చెయ్యి ఎంతదాకా లేస్తుంది? ఎటు తిరిగితే నొప్పి? బొటనవేలు గట్టిగా నొక్కగలరా? కళ్లజోడు ఎంత నంబరు?" అని అడిగి, జేబులోంచి టేపు తీశారు. నాకు టైలరమ్మ గుర్తొచ్చింది. మోచెయ్యి మడిచి, ఆ మడత లోపలి నుంచి చూపుడు వేలు మొదటి కణుపు దాకా కొలిచారు. పదమూడంగుళాలకి కాస్త తక్కువ. మామయ్య తుపాకి ట్రిగ్గర్ నుంచి మడమ చివరిదాకా పద్నాలుగుంపావు. "ఇది ఉజ్జాయింపు కొలతే. కానీ అంగుళంన్నర తేడా ఉన్న చెప్పులేసుకుని ఎవరు నడుస్తారమ్మా? మీ తప్పేం లేదు" అన్నారు. రెండేళ్లుగా నా ఒంటిని నేను తిట్టుకుంటున్నాను. ఆ ఒక్క మాటకి గొంతులో ఏదో అడ్డుపడింది.

తర్వాత కన్ను. ఇది మీరూ ఇంట్లో చూసుకోవచ్చు. రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న కొబ్బరిచెట్టు మొదలు మీదికి వేలు చూపించండి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. వేలు పక్కకి జరిగినట్టుంటే మీకు గురి చూసేది ఎడమ కన్ను. జరక్కపోతే కుడిది. నా వేలు టక్కున జరిగింది. కాలేజీలో ఎడమ కన్ను మూసుకుని కుడి భుజం మీంచే పేల్చాను కాబట్టి ఈ సంగతి ముప్ఫై ఏళ్లు నాకే తెలీదు. "మరింకేం, ఎడమ భుజానికి మార్చేద్దాం. బాగున్న భుజం దెబ్బ తింటుంది, బాగోనిది ఊరుకుంటుంది" అన్నారాయన.

అక్కడే పంప్ యాక్షన్ గుట్టు బయటపడింది. ఎడమ భుజానికి ఆనిస్తే ముందు పిడి పట్టుకోవాల్సింది కుడి చెయ్యి. దాన్ని భుజం ఎత్తున ముందుకి చాపి, ప్రతి తూటాకీ లాగి తోయాలి. పట్టేసిన భుజం ఒప్పుకోని కదలిక సరిగ్గా అదే. పోనీ నెమ్మదిగా చేద్దామంటే ఆ తుపాకి నెమ్మదిని సహించదు. చివరికంటా లాగకపోయినా, చివరికంటా తోయకపోయినా తూటా అడ్డం పడి ఇరుక్కుంటుంది. దుకాణంలో సగంలో ఆగింది అందుకే. ఇంకో రెండు సంగతులు కూడా ఎవరూ చెప్పరు. కింద గొట్టంలోకి తూటాలు ఎక్కించాలంటే స్ప్రింగుకి ఎదురుగా బొటనవేలితో నొక్కాలి. కీళ్లవాతం ఉన్నవాళ్లకి అది నరకం. (గొట్టం జోలికి పోకుండా పక్క కిటికీలోంచి ఒక్కో తూటా వేసుకుని వాడుకోవచ్చు.) ఎక్కించిన తూటాల బరువంతా ముందువైపే చేరి చెయ్యి త్వరగా వాలిపోతుంది. పైగా చాలా పంప్ తుపాకుల్లో పేలిన తూటా కుడి పక్కకి ఎగురుతుంది. ఎడమ భుజం వాళ్లకి అది మొహం ముందు నుంచి పోతుంది.

అలాగని పంప్ యాక్షన్ చెడ్డదని కాదు. భుజాలు రెండూ బాగుండి, పిడికిలి బలం మాత్రం తగ్గినవాళ్లకి అదే మేలు. ముందు పిడిని వేళ్లతో బిగించక్కర్లేదు, అరచేత్తో లాగినా వస్తుంది. అమెరికాలో 1937లో వచ్చిన ఇథాకా 37లో పేలిన తూటా పక్కకి కాకుండా కిందకి పడుతుంది. 1961లో వచ్చిన మాస్‌బర్గ్ 500లో సేఫ్టీ మీట నడినెత్తిన ఉంటుంది, కుడి ఎడమ బొటనవేళ్లు రెంటికీ అందుతుంది. వాటిలో పొట్టి చేతులవాళ్లకని మడమ కురచగా చేసినవీ ఉన్నాయి. కానీ విదేశీ తుపాకి తెప్పించుకునే వీలు మనలాంటి మామూలువాళ్లకి లేదు, పేరున్న క్రీడాకారులకే మినహాయింపు. మనకి దొరికేవాటిలో చూసుకోవాలి. చూసుకునేటప్పుడు దుకాణంలోనే, ఖాళీ తుపాకితో, డమ్మీ తూటాలు అడిగి, పదిసార్లు లాగి తోసి చూడాలి. మూడోసారికి కాదు, పదోసారికి చెయ్యి ఏమంటుందో వినాలి.

తేలిక తుపాకి సంగతి కూడా సుబేదారుగారే విడమర్చారు. తూటా ముందుకెళ్తే తుపాకి వెనక్కి తంతుంది. తూటా అదే అయినప్పుడు తుపాకి ఎంత తేలికైతే తన్ను అంత గట్టి. బరువు సగం చేస్తే దెబ్బ రెట్టింపు. "ఆడవాళ్లకి తేలికది" అని చూపించేవాళ్లు ఎత్తేటప్పుడు సుఖం చూస్తున్నారు, పేలేటప్పుడు కష్టం చూడటం లేదన్నమాట. నాకు నిర్భీక్ గుర్తొచ్చింది. ఢిల్లీ నిర్భయ దారుణం తర్వాత 2014లో కాన్పూరు ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ ఆడవాళ్ల కోసమని తెచ్చిన .32 రివాల్వరు. అర కిలో బరువు, లక్షా ఇరవై వేల పైచిలుకు ధర. నగల పెట్టెలాంటి పెట్టెలో పెట్టి మరీ ఇచ్చారు! పెట్టె మీద పెట్టిన శ్రద్ధలో కాస్త మన వేళ్ల కొలత మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది.

తన్ను తగ్గాలంటే దారులు వేరే. మడమకి మందపాటి రబ్బరు మెత్త వేయించుకోవచ్చు. తూటాలో సీసం తగ్గించుకోవచ్చు. మామూలు 12 బోరు తూటాలో సుమారు 30 గ్రాముల గుళ్లుంటే, పోటీల్లో వాడేవాటిలో 24 గ్రాములకి మించకూడదని నియమం. లేదా 20 బోరుకి దిగొచ్చు. ఇక్కడో చిన్న తిరకాసు, బోరు అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 12 బోరు గొట్టం పద్ధెనిమిదిన్నర మిల్లీమీటర్లు, 20 బోరుది పదిహేనున్నర. ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లు చేస్తే ఒక్కోటి పట్టే గొట్టం 12 బోరు. దోసెపిండి గరిటెల లెక్క లాంటిదే. గరిటె చిన్నదైతే దోసెలు ఎక్కువ.

శరీరానికి తగ్గట్టు తుపాకిని మలచడం కొత్తేం కాదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ట్రాప్ పోటీకి వెళ్లిన షగున్ చౌదరి లాంటి వాళ్లు తమ కొలతకి మడమ చేయించుకునే పేలుస్తారు. (ఆ పోటీల్లో అసలు పంప్ యాక్షన్‌ని రానివ్వరు.) టోక్యో పారాలింపిక్స్‌లో, 2021లో, అవనీ లేఖరా చక్రాల కుర్చీలో కూచునే ఎయిర్ రైఫిలులో బంగారు పతకం తెచ్చింది. రైఫిలు బరువు మోయలేని చేతులున్న క్రీడాకారులకి స్ప్రింగు స్టాండు మీద ఆనించుకునే విభాగం వేరే ఉంది. అక్కడ "ఇంకా గట్టిగా" అని ఎవరూ అనరు.

చివరికి తేలిందేమిటంటే, నాకు కావలసింది మామయ్య పాత డబుల్ బ్యారెలే. పేల్చేటప్పుడు కుడి చెయ్యి ఊరికే కింద ఆసరాగా ఉంటే చాలు, లాగక్కర్లేదు. సేఫ్టీ నడినెత్తిన ఉంటుంది. విరిచి తెరవడానికి బలం కావాలి గానీ, ఆ పని నడుం దగ్గర, మోచేతులు దించుకుని, తొడకి ఆనించి చేసుకోవచ్చు. రెండే తూటాలు. తోటకి అంతకన్నా దేనికి? బరువు కూడా దెబ్బ తినడానికి మంచిదే. ఒక్కటే చిక్కు, మడమ కోయాలి.

గొట్టం కోయడం నేరం. ఇరవై అంగుళాలకన్నా పొట్టిదైతే మనలాంటివాళ్లు ఉంచుకోకూడని రకంలోకి పోతుంది. చెక్క మడమ కోయడానికి ఆ అడ్డంకి లేదు, లైసెన్సున్న పనివాడి చేత చేయించాలంతే. రబ్బరు మెత్త అంగుళం మందం. అది కలుపుకుని కోయాలి కాబట్టి రెండంగుళాల పైచిలుకు చెక్క పోతుంది. ముప్ఫై ఏళ్లకి పైగా ఆదివారం ఆదివారం మామయ్య నూనె పట్టించిన చెక్క అది. ఆయనతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసి దొరికిపోయాను.

"ఏటది, సెప్పు" అన్నారు.

చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయారు. అత్తయ్య నా వంక కోపంగా చూసింది. తెల్లారి నేను లేచేసరికి మామయ్య అరుగు మీద నిక్కరు జేబులో పెన్సిలు పెట్టుకుని కూచున్నారు. టైలరమ్మ దగ్గర నుంచి నేను తెచ్చిన పాత టేపు చేతిలో ఉంది. "ఎక్కడికి కొయ్యాలో గీసిస్తాను. ఆడి సేతికి ఒదిలేస్తే ఒంకర కోసేస్తాడు" అన్నారు. గీత గీస్తుంటే చెయ్యి వణికింది. నేను టేపు కొస పట్టుకున్నాను.

పని అయింది. మెత్త వేశాక ఎడమ భుజానికి ఆనిస్తే చెంప తనంతట తనే చెక్క మీద వాలింది. సుబేదారుగారి దగ్గర తేలిక తూటాలతో శిక్షణ పూర్తి చేశాను. మొదటి రోజు నాలుగు, తర్వాత ఆరు, అంతకు మించి వద్దన్నారు ఫిజియోథెరపిస్టు. డాక్టరు కూడా భుజం ఎంత లేస్తుందో చూసి గానీ సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టలేదు. అదీ మంచిదే. దరఖాస్తు పోలీసుల దగ్గరుంది, విచారణకి ఒకసారి వచ్చి వెళ్లారు. అంతవరకూ తుపాకి మామయ్య లైసెన్సు మీదే, బీరువాలో తాళం వేసి, తూటాలు వేరే గదిలో.

రోజూ పొద్దున్న గోడ మీద వేళ్లతో పాకిస్తూ కుడి చెయ్యి పైకి తీసుకెళ్లే వ్యాయామం చేస్తున్నాను. కిందటి నెల పప్పు డబ్బా అందింది. ఆ కోసిన చెక్క ముక్కని పారేస్తారనుకున్నాను. మామయ్య దానికీ నూనె రాసి, గాలికి కొట్టుకునే మా వీధి తలుపు కింద పెట్టారు. ఆదివారం బీరువా తాళం నేను తీస్తాను, తుడవడం మాత్రం ఆయనే.